చప్పుడు పరీక్ష

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తున్న ఈ పూట కూడా నమ్మను. ఉద్యోగం చేసినన్నాళ్లూ నా పని వస్తువుల్ని ఊపి చూడటం. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో, తయారైన పరికరాన్ని బల్లకు బిగించి గడగడలాడించి, ఏ మర వదులవుతోందో, ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టేవాణ్ణి. ప్రతి చప్పుడుకూ ఒక కారణం ఉండి తీరుతుందని జీతం తీసుకుని మరీ నమ్మిన మనిషిని.

అందుకే ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెబితే, పాపం భార్య పోయాక ఆయనకు మతి చెడిందంటారు.

మేముండేది నాచారంలో ఒక పాత అపార్ట్‌మెంటు. మాది రెండో అంతస్తు. సరిగ్గా మా కింద ఎస్తేరమ్మ గారు. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, ఒక బడిలో ఆయాగా పనిచేసి, ఇప్పుడు ఒంటరిగా ఉంటోంది. ఆదివారం చర్చి తప్పదు. ఆమె గురించి ఒక్క విషయం ముందే చెప్పాలి. ఆమె అబద్ధమాడదు. మొహమాటానికి కూడా ఆడదు. నా భార్య అరుణ కొత్త చీర కట్టుకుని కిందికెళ్లి, ఎలా ఉంది పెద్దమ్మా అని అడిగి, మొహం మాడ్చుకుని పైకొచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

అరుణకూ నాకూ ఒక పిచ్చి ఉండేది. ఏటా అటవీశాఖ వాళ్లు జింకల్ని లెక్కపెట్టేటప్పుడు వాలంటీర్లుగా వెళ్లేవాళ్లం. తెల్లవారుతుండగా అడవిలో గీత గీసినట్టు నేరుగా నడుస్తూ, కనిపించిన దుప్పినీ కణుజునూ లెక్క రాసుకోవాలి. తుపాకీ లేదన్న మాటే గానీ మిగతాదంతా వేటే. గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. మాట్లాడకూడదు. ముందురోజు నుంచే సెంటు సబ్బు వాడకూడదు.

అరుణ ఉప్పల్లో లెక్కల టీచరు. సరదా మనిషి. "మేం వేటకెళ్తున్నాం పెద్దమ్మా" అని కింద చెప్పి వచ్చేది. ఎస్తేరమ్మ గారు అది నిజమనే అనుకుంది. ఒకసారి మెట్ల మీద నన్ను ఆపి నిలదీసింది.

"ఏంది సారూ, ఇన్నేండ్ల సంది వేటకు వోతున్నరు, ఒక్క ముక్కన్న తేకపోతిరి. అంత మీరే తింటున్నరా?"

మొదటి ఏడు నల్లమలలో ఒక ఫారెస్టు గార్డు మాకు చప్పుడు పరీక్ష నేర్పాడు. బూట్లు వేసుకుని, బ్యాగు తగిలించుకుని, ఉన్నచోటే ఎగిరి దూకాలి. ఏదైనా గలగలమందంటే, మన కంటికి జింక కనపడేలోపే జింక చెవికి మనం వినపడతామన్నమాట. అప్పటినుంచి ప్రయాణానికి ముందు మా హాల్లోనే ఆ పరీక్ష జరిగేది. స్టీలు సీసా, తాళంచెవులు, టిఫిన్ డబ్బాలో చెంచా, మోగేవాటినన్నిటినీ పాత సాక్సుల్లో కుక్కేవాళ్లం. అరుణ పుస్తెలు ఒకదానికొకటి తగిలి టింగుమనేవి. వాటి మధ్య దూది పెట్టి దారం చుట్టి, జాకెట్టు లోపలికి పిన్నీసు పెట్టుకునేది. గాజులు తీయమంటే తీయదు. సాక్సు పాదం కత్తిరించేసి, మిగిలిన గొట్టాన్ని గాజుల మీదుగా మోచేతి దాకా తొడుక్కునేది.

ఇద్దరం పాసైతేనే ప్రయాణం. ఒకరిది మోగితే మళ్లీ ఇద్దరం దూకాల్సిందే. ఆ రూలు ఆవిడది.

మేం దూకినప్పుడల్లా కింద ఎస్తేరమ్మ గారు బూజుకర్ర ఎత్తి కప్పు మీద టక్కున కొట్టేది. చాలించండని అర్థం. మేం దూకే చప్పుళ్లు ఆమెకు విడివిడిగా తెలుసు. నేను రెండు కాళ్లతో ఒకేసారి ధబ్బున పడతాను. అరుణకు ఎప్పుడో హబ్సిగూడ దగ్గర స్కూటర్ మీంచి పడి కుడి చీలమండ విరిగింది. లోపల ప్లేటు వేశారు. అందుకని దూకినా ఎడమకాలు ముందు ఆనించి, కుడికాలు ఆ తర్వాత దించేది. టప్, టప్ అని రెండుగా వినిపించేది.

పోయిన చలికాలం అరుణ చనిపోయింది. క్లాసులో బోర్డు మీద లెక్క చేస్తూ సుద్దముక్క జారవిడిచిందట. తీసుకుందామని వంగి, మళ్లీ లేవలేదు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. కొన్నాళ్లు ఆస్పత్రి కారిడార్లో కూర్చున్నాను. ఆ తర్వాత కూర్చోవాల్సిన పని లేకుండా పోయింది.

ఎస్తేరమ్మ గారు అంతకుముందే మోకాలి ఆపరేషన్ కోసం దమ్మాయిగూడలో కూతురింటికి వెళ్లింది. "అమ్మకు బీపీ ఉంది అంకుల్, ఇప్పుడే చెప్పకండి" అని ఆ కూతురు ఫోన్లో బతిమాలింది. సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకూ హాయి అనిపించింది. ఎవరికి చెప్పినా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి కదా, ఒకరు తగ్గారనుకున్నాను.

ఎండాకాలం చివర్లో అటవీశాఖ నుంచి మెయిల్ వచ్చింది. వానలు పడి దారులు మూసుకుపోయేలోపు ఆఖరి విడత లెక్క. ఈసారి నల్లమల కాదు, ఆదిలాబాద్ వైపు టేకు అడవి. మేమెప్పుడూ అటు వెళ్లలేదు. బాగున్న రోజుల్లో అరుణే పట్టుబట్టి ఇద్దరి పేర్లూ అక్కడికి ఇచ్చింది. ఆ అడవిలో కొండగొర్రె ఉంటుంది. చిన్న జంతువు, తల మీద నాలుగు కొమ్ములు. దాన్ని ఒక్కసారి కళ్లారా చూడాలని ఆమె కోరిక. మిగతావన్నీ చూసేశాం కదా, అదొక్కటే బాకీ అనేది.

వెళ్తే ఆమె లేకుండా వెళ్లినవాణ్ణవుతాను. వెళ్లకపోతే ఆమె కోరిక ఈ నాలుగు గోడల మధ్యే పడి ఉంటుంది. రోజూ ఇదే గొడవ నాలో నాకు. నాగారంలో ఉండే మా అమ్మాయి ఒకటే పోరు. తెలియని అడవి, తోడుగా తెలియని మనిషి, ఈ వయసులో మీకెందుకు నాన్నా అని. వచ్చేదీ లేనిదీ సోమవారంలోగా చెప్పమన్నారు అటవీశాఖ వాళ్లు.

నేను రెండు పడవల మీదా కాళ్లు పెట్టాను. రానని ఒక మెయిల్ రాసి పంపకుండా ఉంచాను. మరోపక్క పొద్దున్నే బూట్లు వేసుకుని ఉప్పల్ భగాయత్ దాకా నడిచొచ్చేవాణ్ణి. లాలాపేట్ దర్జీతో ఎండుటాకు రంగు చొక్కా కుట్టించుకున్నాను. ఆ కాలంలో టేకాకు కాలి కింద అప్పడంలా విరుగుతుందని విని, పార్కులో రాలిన ఆకుల మీద చప్పుడు కాకుండా అడుగు వేయడం సాధన చేశాను. వాకింగ్‌కు వచ్చిన ఆడవాళ్లు నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అరుణ ఉండుంటే అందరికంటే ముందు ఆమే నవ్వేది.

ఆదివారం మధ్యాహ్నం బ్యాగు సర్దాను. అరుణ బ్యాగు తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది. ఆమె పెట్టుకునే పిన్నీసు దాని పట్టీకే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. ఒకసారి దూకి చూద్దాం, ఏదైనా మోగితే అదే వంకగా ఈ ప్రయాణం మానేద్దాం అనుకున్నాను. మోగాలనే కోరుకున్నానేమో కూడా.

దూకాను. ఒక్కసారే. ఏదీ మోగలేదు.

కింద నుంచి బూజుకర్ర టక్కుమంది.

ఆ ఇంటికి నెలల తరబడి తాళం ఉంది. గబగబా కిందికి దిగాను. తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీలో కాలు చాపుకుని ఎస్తేరమ్మ గారు, పక్కన గోడకు బూజుకర్ర. ఆ పొద్దున్నే కూతురు దింపి వెళ్లిందట. నన్ను చూడగానే మొహం ఇంత చేసుకుంది.

"నేను రాంగనే మొదలువెట్టిన్రు గద మొగుడు పెండ్లాలు! గీసారన్న ముక్క తెస్తరా లేదా?" అంది. "అరుణమ్మను తోల్కరాకపోతివి? చింతకాయ తొక్కు తెచ్చిన, ఆమెకిష్టమని."

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "అరుణ లేదండీ" అన్నాను.

"లేకుంటె ఎవరు దుంకిన్రు? ఇప్పుడే ఇన్న గద. ముందుగాల నీది ధబ్బున వడ్డది. ఎన్కనే ఆమెది, టప్పు టప్పు. ఆ కాలు ఇంక నయం గాలేదా పాపం?"

అప్పుడు చెప్పాను. మొదటి నుంచి చెప్పాను. ఆమె తొక్కు సీసా ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నాకెందుకు చెప్పలే బిడ్డా అని అడిగింది. ఏడుపు తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుని, నా వంక సూటిగా చూసింది.

"పోయినోళ్లు ప్రభువు దగ్గర ఉంటరు సారూ. మళ్ల రారు. దయ్యాలు గియ్యాలు నేను నమ్మ. గని ఇన్నది ఇన్న. ఇనలేదని ఎట్ల జెప్పాలె?"

పైకొచ్చి హాలంతా గాలించాను. కింద పడిన వస్తువు లేదు. అరుణ బ్యాగు మేకు మీద అలాగే ఉంది. మా పై అంతస్తు వాళ్లు ఊరెళ్లారు, తాళం వేసి ఉంది. గోడకు తగిలి వచ్చిన చప్పుడైతే నాది నాలాగే ధబ్బుమనాలి, రెండుగా విడిపోకూడదు. నేలను తట్టి చూశాను. వదులు పలక ఒక్కటీ లేదు. ఉద్యోగంలో ఇంతకంటే చిక్కుముళ్లు విప్పాను. ఇది విడిపోలేదు.

రాత్రి నిద్రపట్టక మంచం మీద దొర్లాను. తెల్లారాక కిందికెళ్లి ఎస్తేరమ్మ గారిని ఒక సాయం అడిగాను. నేను పైన దూకుతాను, మీరు కింద వినండి, ఒక్కరి చప్పుడైతే ఒక దెబ్బ, ఇద్దరిదైతే రెండు దెబ్బలు కొట్టండి అన్నాను.

"గిసొంటి పరీక్షలు మంచిగుండయి సారూ" అంది. నా మొహం చూసి ఇంకేమీ అనకుండా బూజుకర్ర చేతిలోకి తీసుకుంది.

నిన్న దూకిన చోటే దూకాను. ఒక దెబ్బ. నా బ్యాగు భుజం మీంచి తీసేసి దూకాను. ఒకటే. కిటికీ దగ్గర, తలుపు దగ్గర, అరుణ ఎప్పుడూ నిలబడే చోట దూకాను. ఒకటే, ఒకటే, ఒకటే. ఆఖరికి ఆమె బ్యాగు మేకు నుంచి తీసి తగిలించుకుని దూకాను. కింద కాస్త ఆలోచించినట్టు ఆగి, మళ్లీ ఒక దెబ్బే పడింది.

నా లెక్క ప్రకారం సంగతి తేలిపోయింది. పెద్దావిడ, అలవాటైన చెవి, నిన్న పొరబడింది. దయ్యాల్ని నమ్మనివాడు సంతోషించాల్సిన ఫలితం అది. నేను నేల మీద చతికిలబడి ఏడ్చాను. ఆస్పత్రిలో కూడా అలా ఏడవలేదు. "అరూ, ఒక్కసారి దూకవే, ఒక్కసారి" అని పైకే అన్నాను. కిటికీ తెరిచే ఉంది. కింద ఎస్తేరమ్మ గారి కిటికీ కూడా తెరిచే ఉండి ఉంటుంది. దాచకూడదు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

కాసేపటికి లేచాను. అరుణ బ్యాగుతోనే ఇంకొక్కసారి దూకాను. నా ధబ్బు తప్ప నాకేమీ వినపడలేదు.

కింద టక్కుమంది. కొంచెం ఆగి, మరొకసారి టక్కుమంది.

అరుణ బ్యాగు మళ్లీ మేకుకు తగిలించాను. ఆ తర్వాత పాత మెయిల్ తీసేసి, వస్తున్నానని రాసి పంపాను.

అడవిలో ఏ వింతా జరగలేదు. తోడొచ్చిన బ్యాంకు ఉద్యోగి మంచివాడు. రాలిన టేకాకుల మీద ఇద్దరం పిల్లుల్లా నడిచాం. రెండోరోజు పొద్దున ఎండిన వాగు ఒడ్డున కొండగొర్రె కనిపించింది. నాలుగు కొమ్ములూ స్పష్టంగా చూశాను. కాసేపు మమ్మల్నే చూసి, తొందర లేకుండా పొదల్లోకి వెళ్లిపోయింది. కాగితం మీద ఒకటి అని రాసుకుని, అక్కడే వాగు ఒడ్డున కూర్చుండిపోయాను. అది చూసి ఆ బ్యాంకాయన నీళ్ల సీసా అందించాడు.

తిరిగొచ్చి ముందు ఎస్తేరమ్మ గారింటికే వెళ్లాను. "కనవడ్డదా?" అని అడిగింది. కనపడిందని చెప్పాను. తలూపి, అన్నంలో చింతకాయ తొక్కు కలిపి పెట్టింది.

ఆ ఆదివారం ఆమె విన్న చప్పుడుకు నా దగ్గర ఇప్పటికీ కారణం లేదు. అరుణ పోయిందని ఆమెకు అప్పటికి తెలియదు. కానీ సోమవారం పడిన ఆ రెండో దెబ్బ సంగతి వేరు. నిజంగా వినే కొట్టిందా, నా ఏడుపు విని కొట్టిందా? అడుగుదామని ఎన్నోసార్లు కిందికి వెళ్లాను. ఆ మాటా ఈ మాటా మాట్లాడి, పెట్టింది తిని, అడగకుండానే పైకొచ్చేశాను. ఆమె అబద్ధమాడదు. అడిగితే నిజమే చెప్పేస్తుంది.