స్పీకర్లు లేని కంప్యూటర్

దయ్యాల కథలు ఎవరైనా చెప్తే మొహం మీదే నవ్వే రకం నేను. కంప్యూటర్ వింతగా ప్రవర్తించిందంటే ఎవరో ఎక్కడో తప్పు చేశారనే అర్థం. చాలాసార్లు ఆ ఎవరో నేనే. అందుకని ఇందులో ఉప్పూకారం చల్లకుండా జరిగింది జరిగినట్టు చెప్తాను.

నేను కొంపల్లిలో ఉంటాను. ఒకే అప్లికేషన్ విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో ఒకేలా నడిచేట్టు చేయడం నా ఉద్యోగం. మాయదారి పని. పుట్టింట్లో ఒక తీరు, అత్తింట్లో ఒక తీరు ఉంటుంది దాని వరస.

మా నాన్న, మేం బాపు అంటాం, మేడ్చల్ మార్కెట్లో కూరగాయల వేలం పాడేవాడు. ఆయన కేక రోడ్డు అవతలికి వినిపించేది. పక్షవాతం వచ్చి ఆ గొంతు పోయింది. మనం చెప్పేది అర్థమయ్యేది కానీ నోరు తిరిగేది కాదు. ఏదన్నా కావాలంటే అమ్మ చేయి పట్టుకుని ఏడ్చేవాడు.

శామీర్‌పేట దగ్గర ఒక చిన్న సెంటర్లో ఇలాంటి వాళ్లకు మాటలు మళ్లీ నేర్పిస్తారు. అక్కడ బాపు వాడుకోవడానికి నేనొక అప్లికేషన్ రాశాను. తెర మీద బొమ్మ నొక్కితే ఆ మాట నా గొంతులో వినిపిస్తుంది. మజ్జిగను ఇంట్లో మేం సల్ల అనే అంటాం, కానీ ఆఫీసు తెలుగు అలవాటై ఆ గ్లాసు బొమ్మకు "మజ్జిగ" అని రికార్డు చేశాను.

నా విండోస్ ల్యాప్‌టాప్‌లో బంగారంలా నడిచింది. సెంటర్లో ఉన్నది పాత లినక్స్ కంప్యూటర్. అక్కడ తెలుగు అక్షరాలన్నీ డబ్బాలైపోయాయి, బటన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అవన్నీ సర్దాను. సౌండ్ దగ్గరికి వచ్చేసరికి అప్లికేషనే మూసుకుపోయేది. విసుగొచ్చి అక్కడ పెట్టిన కాపీలోంచి సౌండ్ భాగం మొత్తం పీకేశాను. ముందు బొమ్మలైనా చూడనీ అనుకున్నాను. ఎలాగూ ఆ కంప్యూటర్‌కు ఇంకా స్పీకర్లే లేవు.

ఆ మధ్యాహ్నం గదిలో బాపుతో నేను, అమ్మ, మాటలు నేర్పే మేడమ్ ఉన్నాం. బాపు వేలితో సల్ల గ్లాసు బొమ్మ నొక్కాడు.

"సల్ల పొయ్యి!"

గది దద్దరిల్లింది. అది నా గొంతు కాదు. నేను బాపు మొహమే చూస్తున్నాను, ఆయన పెదవులు కదల్లేదు. మేడమ్ ఉలిక్కిపడి లేచింది.

"ఓ యమ్మ! గిది మీ బాపు గొంతేనే!" అంది అమ్మ.

బాపు తెర వంక కాసేపు చూశాడు. తర్వాత ఆయనే నోరు తెరిచి, "స... సల్ల" అన్నాడు. జబ్బు చేశాక అదే మొదటి మాట. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. నేనూ ఏడ్చాను, అందులో సిగ్గేముంది.

ఆ తర్వాత కోడ్ అంతా జల్లెడ పట్టాను. సౌండ్ భాగం లేదు. బాపు గొంతు నేను ఎప్పుడూ రికార్డు చేయలేదు. అదే బటన్ ఎన్నిసార్లు నొక్కినా మళ్లీ చప్పుడు లేదు.

నాతో పనిచేసే అతను, "పక్క గదిల టీవీ మోగి ఉంటది, గంతే" అని తేల్చేశాడు. ఆ సెంటర్లో టీవీ లేదు.

ఇప్పుడు మూడు సిస్టమ్స్‌లోనూ సౌండ్ పనిచేస్తోంది. బాపుకే దాంతో పని తగ్గిపోయింది. ఆగి ఆగి మాట్లాడతాడు, అమ్మతో పోట్లాడతాడు కూడా. ఆ పోట్లాట వింటుంటే ప్రాణం లేచొస్తుంది.

మొన్న అడిగాను. "బాపూ, గా దినం నీకు ఎవరి గొంతు ఇనపడ్డది?"

"నాదే గద బిడ్డా. ఇంకెవలదైతది?"

అది ఎట్లా వచ్చిందన్న పట్టింపు ఆయనకు లేదు. నాకు మాత్రం ఇప్పటికీ అంతుపట్టలేదు.