దువాన్ టీచర్ తిన్నాకే

దువాన్ యుయెజెన్ అంత పిరికి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. రోడ్డు దాటాలంటే భయం, లిఫ్ట్ ఎక్కాలంటే భయం, వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడుతుంది. అలాంటి మనిషి ఏటా చలికాలంలో ఒక విషపు దుంపను కుండలో ఉడికించి, అందరికంటే ముందు తనే తినేది.

కున్‌మింగ్‌లో మా యూనివర్సిటీలో డాక్టరు చదివే పిల్లల్నీ, నర్సింగు పిల్లల్నీ, ఫార్మసీ పిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టి పాత చైనా వైద్యమూ కొత్త వైద్యమూ కలిపి చెప్పే క్లాసు ఒకటుంది. పాతది ఆమె చెబుతుంది, కొత్తది నేను చెబుతాను. నా పేరు హ వెన్‌షియూ, గుండె డాక్టర్ని. ఒకే బల్ల దగ్గర ఇద్దరం నిలబడతాం. ఆమె ఒక వేరు తీసి చూపించి ఇది దేనికి పనికొస్తుందో చెబితే, అది గుండెను ఏం చేయగలదో నేను చెబుతాను. మొదట్లో ఈ పొత్తు నాకు ససేమిరా నచ్చలేదు. కషాయాల మనిషి పక్కన నన్ను నిలబెట్టడమేమిటని మూతి ముడుచుకునే క్లాసుకు వెళ్లేదాన్ని. తన మందంటే తనే అంతగా భయపడే మనిషిని చూశాక నోరు మూసుకున్నాను. మా ఆస్పత్రిలో మాత్రలు రాసే వాళ్లలో అంత భయం ఉన్నవాళ్లు తక్కువ.

ఆ దుంప పేరు ఫూత్సి. వసనాభి అనే విషపు మొక్క జాతిది. సరిగ్గా ఉడకకపోతే గుండె లయ తప్పిస్తుంది, ఆపేస్తుంది కూడా. గంటల తరబడి ఉడికితే ఒంట్లో వేడి పుట్టిస్తుంది. ఏడాదిలో పొద్దు అన్నిటికంటే పొట్టిగా ఉండే రోజున మాకు దోంగ్‌జి పండుగ. మా వైపు కొండ ఊళ్లలో ఆ రోజు ఫూత్సిని పంది కాళ్లతో, అల్లంతో కలిపి పెద్ద కుండలో వండుతారు. పొద్దున పొయ్యి మీద పెడితే సాయంత్రం చుట్టాలు చేరాక తింటారు. ఏటా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పోతూనే ఉంటారు, మళ్లీ ఏడాది వండుతూనే ఉంటారు. ఈ గొడవంతా ఎందుకు, క్లాసులో వండొద్దని చెప్పి ఊరుకోవచ్చు కదా అని నేనొకసారి అడిగాను. వండొద్దంటే ఎవరు వింటారు, వాళ్ల అమ్మలు వండి పెడుతుంటే తినరా అంది. అందుకని పండుగ రోజు పిల్లల చేతే వండిస్తుంది, ఎలా భయపడాలో నేర్పిస్తుంది.

భయానికి ఆమె కట్టిన పద్ధతి ఒకటుంది. గిన్నెలన్నీ బల్ల మీద బోర్లించి ఉండాలి. ఆమె గిన్నె ఒక్కటే తిప్పుతుంది. ఒక దుంప ముక్క, నాలుగు గుటకల పులుసు తీసుకుని కుర్చీలో కూర్చుంటుంది. పెదవి తిమ్మిరెక్కితే లోపల ఇంకా విషం ఉన్నట్టు. అరగంట పైన గడిచి ఏమీ కాకపోతే గిన్నెలు తిప్పండర్రా అంటుంది. అందాకా ఉప్పు చూడ్డానికి కూడా ఎవరూ గరిటె నోట్లో పెట్టకూడదు. ఆ కూర్చున్నంత సేపూ ఆమె ముఖం పాలిపోయి ఉంటుంది, చేతులు ఒళ్లో ముడుచుకుని ఉంటాయి. పిల్లలు చాటున తిమ్మిరి టీచరని పిలుస్తారు. ఆమెకు తెలుసు.

కుండ ఉడుకుతున్నంత సేపూ వాళ్లకు తన అన్న కథ చెబుతుంది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వెయ్‌షాన్ కొండల్లో వాళ్లింట్లో పండుగనాడు కుండ అడుగంటబోతుంటే ఎవరో చన్నీళ్లు పోశారు. ఉడుకు ఆగిపోయింది, విషం మిగిలిపోయింది. పొలం నుంచి ఆకలితో వచ్చిన అన్న ముందుగా తిన్నాడు. పెదవి మీద చీమలు పాకుతున్నాయని నవ్వాడట. దీపాలు పెట్టే వేళకు పోయాడు. ఎవరు పోశారు టీచర్ అని పిల్లలు అడిగితే, ఎవరైతే ఏంలే, నీళ్లు మాత్రం పొయ్యకండి, పోస్తే మరిగే నీళ్లే పొయ్యండి అనేది. ఆ కథ విన్న పిల్లలెవరూ మరిచిపోలేదు. పెళ్లిళ్లలో కనబడి, మా ఇంట్లో చన్నీళ్లు పొయ్యనివ్వను టీచర్ అని చెప్పే వాళ్లను నేను చూశాను.

కిందటేడు పండుగనాడు పొద్దున్నే ఆమె దవడ వాచిపోయి వచ్చింది. ఎడమవైపు పన్నుకు చీము పట్టింది. వారం నుంచి లవంగం పెట్టుకుని తిరుగుతోందని అప్పుడు తెలిసింది. నేను బలవంతంగా పంటి డాక్టరు దగ్గరికి తోలాను. కుండను నోంగ్ లిఫెన్ అనే ఫార్మసీ పిల్లకు అప్పగించి వెళ్లింది. లిఫెన్ క్లాసులో అందరికంటే జాగ్రత్త గల పిల్ల. వెన్‌షాన్ నుంచి వచ్చింది, చేతి వంట బాగుంటుంది, పెద్దలకు మర్యాద చేయడంలో దాన్ని మించిన వాళ్లు లేరు. పొయ్యి దగ్గర నుంచి కదలలేదు.

దువాన్ తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. పన్ను పీకించుకుంది. మత్తు సూది వల్ల మూతి ఒక పక్కకు జారి, మాట ముద్దముద్దగా వస్తోంది. పిల్లలు గిన్నెలు బోర్లించి కూర్చున్నారు. ఆ వేళ నర్సింగు వాళ్ల రెండో బ్యాచ్ కూడా అనుకోకుండా వచ్చి కలిసింది, గది కిటకిటలాడుతోంది. ఆమె నేరుగా కుండ దగ్గరికి వెళ్లడం చూసి చెయ్యి పట్టుకున్నాను.

“అక్కా, పెదవే మొద్దుబారి ఉంటే ఏం తెలుస్తుంది నీకు? ఇవాళ నేను తింటాను.”

“నువ్వు తింటే నాకు భయం ఇంకా ఎక్కువవుతుందే. మొద్దుబారింది ఎడమ పక్కే కదా, కుడి పక్క నాదే. సగం నోరు చాలు.”

నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు. ముక్క తింది, పులుసు తాగింది, కుర్చీలో కూర్చుంది. ఏళ్ల తరబడి ఆమె పక్కన నిలబడ్డాను, ఎప్పుడూ ఇంత భయం వేయలేదు. పిల్లలు గుసగుసలాడుకుంటున్నారు, వెనక బెంచీలో ఎవడో ఆకలి ఆకలి అని కడుపు వాయించుకుంటున్నాడు. నేను ఆమె పెదవులు తప్ప ఇంకేమీ చూడలేదు. కాసేపటికి ఆమె నాలుకతో పెదవి కుడి పక్కను తడిపింది. మళ్లీ తడిపింది. వేలితో నొక్కి చూసుకుంది. తర్వాత తన చేతివేళ్లను ఒకదానికొకటి రుద్దుకుంటూ నా వైపు చూసింది.

“వెన్‌షియూ, కుడి పక్క కూడా” అంది, పిల్లలకు వినపడకుండా.

నేను కొయ్యబొమ్మలా నిలబడిపోయాననుకుంటాను, ఎందుకంటే ఆమే లేచి కుండ మీద మూత పెట్టి దాని మీద చెయ్యి వేసి నిలబడింది. ఎవరైనా తిన్నారా అని అడిగింది. ఆ ముద్దమాట మొదట ఎవరికీ అర్థం కాలేదు. నేను గట్టిగా అడిగాను. ఉప్పు చూసిన వాళ్లున్నా సరే, తిట్టను, చెప్పండర్రా అన్నాను. లిఫెన్ తెల్లబోయి, మీరు తినకుండా ఎలా తింటాం టీచర్ అంది. బోర్లించిన గిన్నె ఒక్కటీ తిరగలేదు. అప్పుడు దువాన్ అక్కడే వాంతి చేసుకుని నా భుజం మీద వాలింది.

ఆస్పత్రి మా క్లాసు మెట్లు దిగితే ఎదురుగానే. మంచం మీద పడుకోబెట్టి గుండె మిషను తగిలించేసరికి తెర మీద గీత పిచ్చిపట్టినట్టు ఎగురుతోంది. ఒక కొట్టు సరిగా పడితే మూడు అడ్డంగా పడుతున్నాయి. పాఠంలో ఏటా నేను బోర్డు మీద గీసే బొమ్మ అదే. బోర్డు మీద గీసేటప్పుడు జోకులు కూడా వేసేదాన్ని. పొద్దున పంటి డాక్టరు ఆమె చిగుళ్లలోకి ఎక్కించిన మత్తు మందునే ఇప్పుడు నేను నరంలోకి ఎక్కించాను, ఈ విషానికి గుండెను నిలబెట్టడానికి వాడేది అదే. రెండుసార్లు గీత పడిపోయింది, రెండుసార్లు లేచింది. ఆమె స్పృహలోనే ఉంది. నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. ఆమె పోతుందని నేను గట్టిగా నమ్మాను, నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

పొద్దు వాలే వేళకు గీత కుదుటపడింది. లిఫెన్‌ను లోపలికి రమ్మంది ఆమే. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉంది. మంచం పక్కన నిలబడి, నేను చన్నీళ్లు చుక్క కూడా పొయ్యలేదు టీచర్, ఒట్టు, పోసిన ప్రతిసారీ మరిగే నీళ్లే పోశాను అంటూ అదే మాట తిప్పి తిప్పి చెప్పింది. నర్సింగు వాళ్లు వచ్చి కలిశారని, వచ్చిన వాళ్లకు పులుసు పలచగా పొయ్యడం బాగుండదని, కుండ మరుగుతుండగానే ఇంకో గుప్పెడు ఫూత్సి ముక్కలు వేశానని కూడా చెప్పింది. అది తప్పని ఆ పిల్లకు అప్పటికీ తోచలేదు. మధ్యలో వేసిన ముక్కలు ఉడకడానికి వేళ చాలలేదు, టీచరు గిన్నెలోకి వచ్చింది వాటిలో ఒకటి. మధ్యలో కొత్త ముక్కలు వేయకూడదని పాఠంలో ఒక వాక్యం ఉంది. అది పరీక్షలో రాసి మరిచిపోయే వాక్యం. కథలో ఉన్నవి నీళ్లే.

దువాన్ చెయ్యి చాచి ఆ పిల్ల చేతిని పట్టుకుంది.

“తెలుసమ్మా. మా అమ్మ కూడా చుక్క నీళ్లు పొయ్యలేదు.”

నాకు అర్థం కాలేదు. ఆమె కళ్లు మూసుకుని మెల్లగా చెప్పింది. చుట్టాలు అనుకున్న దానికంటే ఎక్కువమంది వచ్చారని వాళ్లమ్మ కుండలో గుప్పెడు ముక్కలు వేసింది. కొడుకు పోయాక ఊరు ఊరంతా ఆ తల్లిని ఏమంటుందోనని, ఇంట్లో అందరూ కూడబలుక్కుని తప్పును చన్నీళ్ల మీదికి నెట్టారు. నీళ్లయితే ఎవరు పోశారో చెప్పనక్కర్లేదు కదా. అమ్మ పోయి ఇన్నేళ్లయినా ఆ మాట మార్చడానికి ఈమెకు నోరు రాలేదు, క్లాసులో కూడా అదే చెప్పుకుంటూ వచ్చింది.

నాకు కోపం వచ్చింది. మంచం మీద ఉన్న మనిషి మీద అరవలేక కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. వీధిలో పండుగ హడావుడి కనబడుతోంది. మాంసం సంచులు పట్టుకుని జనం గబగబా ఇళ్లకు పోతున్నారు. వెనక మంచం కిర్రుమంది. చూస్తే ఆమె వైర్లతో సహా లేచి కూర్చోబోతోంది.

“వెన్‌షియూ, నా ఫోనివ్వు. ఇవాళ పండుగే.”

అప్పటిదాకా నాకు తట్టలేదు. మేము చదివించి పంపిన పిల్లలందరూ ఈ వేళకు తమతమ ఇళ్లలో కుండ ముందు కూర్చుని ఉంటారు. మా దగ్గర నేర్చుకున్నామన్న ధైర్యంతో వండుతుంటారు. చన్నీళ్లు పొయ్యనివ్వరు. చుట్టాలొస్తే మాత్రం గుప్పెడు ముక్కలు వేస్తారు. మధ్యలో ముక్కలు వేయొద్దని నేను పాత విద్యార్థుల గ్రూపులన్నిటిలో మెసేజ్ పెట్టాను, కింద లిఫెన్ కూడా రాసింది. ఎవరూ చదివినట్టు కనబడలేదు. ఆమెకు అది చాలలేదు. వెయ్‌షాన్‌లో స్థిరపడిన పాత విద్యార్థిని నంబరు పట్టి, ఇంకా సరిగా తిరగని మూతితో, ఎత్తవే, ఎత్తవే అంటూ ఫోను చెవికి ఆనించుకుంది.

ఫోను మోగుతూనే ఉంది. తెర మీద ఆమె గుండె మళ్లీ వేగం అందుకుంది, నేను వద్దనలేదు.