అగ్గిచెయ్యి

మొన్న ఎడపల్లి నుంచి మా యారాలి కూతురు ఫోను చేసింది. యారాలంటే మా మరిది భార్య. పోయిన యేడు ప్రభువులో నిద్రించింది. కూతురు పెరట్లో స్నానాల నీళ్లకు కొత్తగా మట్టిపొయ్యి వేసుకుందట. "పెద్దమ్మా, కట్టెలు మస్తు కాలుతున్నయి, నీళ్లు మాత్రం కాగుతలేవు. జర వచ్చి సూడరాదు?" అంది. ఎవరు పిలిచినా మోకాళ్ల నొప్పి చెప్పి తప్పించుకునే మనిషిని నేను. పొయ్యి అనగానే మాత్రం కాదనలేక నిజామాబాదులో ఎడపల్లి మీదుగా వెళ్లే బోధన్ బస్సెక్కాను. ఎందుకు కాదనలేకపోయానో కిటికీ పక్కన సీటు దొరికి కూర్చున్నాక తెలిసింది.

బోధన్‌లో మా అత్తగారింట్లో ఒకటే వంటిల్లు, ఒకటే పొయ్యి. పొలంగట్ల మీది తుమ్మకట్టెలు మోపుగట్టి నెత్తిన మోసుకొచ్చేది మా అత్తే కాబట్టి, ప్రతి పుల్లా ఎలా కాలాలో చెప్పే హక్కు కూడా ఆమెదే. మోపు వారం రోజులు రావాలి. ఆ యేడు చర్చిలో కోతపండుగకు అన్నం వండే వంతు మాకొచ్చింది. పెద్ద గంజు పెడితే పొయ్యి మూసుకుపోయి పొగ బయటికి రాదని, గిన్నె ఆనే మూడు మట్టిగడ్డల మీద ముందురోజే నేను ఇంకింత మట్టి పెట్టి ఎత్తు చేశాను. పండుగ బాగా జరిగింది. మూడో రోజే మరిది పెళ్లి. ఆ హడావిడిలో గడ్డలు మళ్లీ చెక్కాలన్న సంగతి మరిచిపోయి, పెళ్లికని వంటిల్లు అలికినప్పుడు వాటి మీద కూడా ఎర్రమట్టి పూసేశాను. అవి మొదటి నుంచీ అంతే ఎత్తున ఉన్నట్టు కలిసిపోయాయి.

యారాలు వచ్చిన రెండోనాడే పొయ్యి ఆమెకు అప్పగించారు. మోపు మూడు రోజులకే అయిపోయింది. మంటంతా గిన్నె పక్కలకు ఎగబాకిపోతోంది, అన్నం మాత్రం ఉడకదు. అత్త చేయని వైద్యం లేదు. కట్టెల మీద నీళ్లు చల్లితే ఇల్లంతా పొగ. పొయ్యి నోటికి ఇటుక అడ్డం పెడితే కట్టెలే పట్టలేదు. బూడిద ఉంచమంది, తియ్యమంది, మళ్లీ ఉంచమంది. ఆఖరికి ఇంటి ప్రార్థనకొచ్చిన పాస్టరుగారితో పొయ్యి కోసం కూడా ప్రార్థన చేయించింది. ఆయన పాపం నవ్వాపుకోవడానికి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఇక మిగిలింది మనిషి. "గీమెది అగ్గిచెయ్యి. గీ చెయ్యి తాకితే మోపు మూడు దినాలు సుత ఆగదు" అని తేల్చేసింది అత్త. ఆ మాట వాడకట్టంతా పాకింది. నల్లా దగ్గర, చర్చి మెట్ల మీద ఆ పిల్లకు అసలు పేరు పోయి అగ్గిచెయ్యే మిగిలింది. నేనూ అన్నాను. నవ్వుతూ అన్నాను, అదే ఇంకా సిగ్గు.

యేడు తిరక్కుండా పొయ్యి వేరు పడింది. ఇల్లు విడిపోవడాన్ని మా దగ్గర అలాగే అంటారు. మాది మాత్రం నిజంగానే పొయ్యి వల్ల విడిపోయింది. వాళ్లు ఎడపల్లిలో ఒక అర్ర కిరాయికి తీసుకున్నారు. వెళ్లే ముందు యారాలు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నేను ఒక్క పుల్ల ఎక్కువ పెట్టలే. నువ్వన్న నమ్ముతవా?" అంది. "పోనీలే" అన్నాను నేను. అదీ ఒక జవాబేనా?

పొయ్యి మళ్లీ నా చేతికొచ్చింది. మోపు మూడు రోజులకే అయిపోయింది. వంగి చూద్దును కదా, గిన్నె కింద రెండు వేళ్లు పట్టాల్సిన సందులో నా చెయ్యంతా దూరింది. కోతపండుగకు నేను పెట్టిన మట్టి అప్పుడు గుర్తొచ్చింది. అత్త చర్చికి వెళ్లిన సమయం చూసి, కొడవలితో గడ్డలు చెక్కి పైన అలికేశాను. పావుగంట పని. ఆ మోపు వారం వచ్చింది. "సూసినవా, నీ చెయ్యి చల్లని చెయ్యి" అని అత్త మెచ్చుకుంటే, ఆ మెప్పు కడుపునిండా తిన్నాను. నోరు మాత్రం విప్పలేదు.

అత్త పోయినప్పుడు యారాలు వచ్చి ఆ పొయ్యి మీదే అందరికీ వండింది. గిన్నె కింద రెండు వేళ్లు పెట్టి చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను కూరగాయల గంప వైపు తిరిగాను.

ఎడపల్లిలో పిల్ల పొయ్యికీ అదే జబ్బు, గడ్డలు ఎత్తు. కొడవలి తెప్పించి నేనే చెక్కాను. నీళ్లు తొందరగా కాగాయి. "అమ్మ చెయ్యే నాకొచ్చిందనుకున్న" అని నవ్వింది పిల్ల. "పొయ్యి కట్టెలు తింటే పెద్దమ్మను అడుగు, గామెకు ఎర్కే అని అమ్మ ఎప్పుడో చెప్పింది."

నేనిక ఆగలేకపోయాను. "మీ అమ్మది అగ్గిచెయ్యి కాదు బిడ్డా. ఆనాడు గడ్డలు ఎత్తు చేసింది నేనే" అన్నాను.

ఆ పిల్ల కోపం చేయలేదు. కట్టె కొంచెం వెనక్కి లాగి, "గా మాట అమ్మకు చెప్పకపోతివి పెద్దమ్మా" అంది, అంతే.

గడ్డలు చెక్కడానికి ఆనాడూ పావుగంటే పట్టింది, ఇప్పుడూ పావుగంటే. మధ్యలో పోయిన ముప్పై ఏళ్లు మాత్రం ఆమెవి.