ఉప్పలయ్య సార్‌కు ఏమీ రాదు

ఉప్పలయ్య సార్‌కు ఏమీ రాదు. ఈ మాట నేను గిట్టక అనడం లేదు. ఆయనే రోజుకు నలభై సార్లు, ఎదురుగా ఎవరున్నా సిగ్గుపడకుండా చెప్పుకుంటాడు. చెప్పుకునేది ఏ తోటమాలో అయితే నాకేం బాధ లేదు. ఆయన ఇరవై రెండేళ్లుగా బడిపంతులు.

పోయిన జూన్‌లో నన్ను ఆ బడికి రెండో టీచర్‌గా వేశారు. పాలకుర్తిలో దిగి, కిక్కిరిసిన ఆటోలో మేడిగుట్ట తండాకు చేరేసరికి నా చీర మీద ఇస్త్రీ అన్న మాటే మిగల్లేదు. ఒక గది, ఒక వరండా, పదిహేడు మంది పిల్లలు, అయిదు తరగతులు. వరండాలో ఉప్పలయ్య సార్ పెన్సిల్ చెక్కుతున్నాడు.

"హాజరు పుస్తకం ఎక్కడుంది సార్?" అని అడిగాను.

"నాకు తెల్వదు మేడం. అనితను అడుగుండ్రి."

అనిత అంటే ఏ అటెండరో అనుకున్నాను. మూడో తరగతి పిల్ల. పరుగెత్తుకుపోయి, బియ్యం బస్తా వెనక నుంచి పుస్తకం తెచ్చి, దుమ్ము దులిపి మరీ ఇచ్చింది.

లోపలికి వెళ్లి చూస్తే నాకు కళ్లు తిరిగాయి. ఏ తరగతి ఎక్కడుందో తెలియదు. ఒక్కో చాప మీద ఒక పెద్ద పిల్ల, ఒక చిన్న పిల్ల, మధ్యలో ఇంకొకడు. డీఎడ్‌లో నేను రెండేళ్లు చదువుకున్నది ఈ కలగూరగంప కోసం కాదు. సుద్దముక్కతో నేల మీద అయిదు గీతలు గీసి, తరగతి వారీగా కూర్చోబెట్టాను. మంచినీళ్లు తాగి వచ్చేసరికి మళ్లీ అందరూ కలిసిపోయారు.

"ఎవరు చెదరగొట్టారు సార్?"

"నాకు తెల్వదు మేడం," అన్నాడాయన, ప్యాంటుకు అంటిన సుద్ద దులుపుకుంటూ.

ఆ వారమే, అయిదో తరగతి కృష్ణ ఉప్పలయ్య సార్‌ను భిన్నాల కూడిక ఎట్లా అని అడిగాడు. ఒక్క నిమిషం పని. బోర్డు పక్కనే ఉంది, సుద్ద చేతిలోనే ఉంది. ఈయన తల గోక్కున్నాడు.

"నాకు రాదు బిడ్డా. పుస్తకంల జర చూసి, నాలుగోదోళ్లకు చెప్పు. వాళ్లకు సమజైతె నాకు చెప్తరు."

కృష్ణ ఒక గంట పుస్తకంతో కుస్తీ పట్టాడు. తరువాత తన టిఫిన్ డబ్బాలోని జొన్నరొట్టె తీసి, సగం ఒకటి, పావు ఒకటి తుంచి, నాలుగో తరగతి వాళ్ల ముందు పెట్టాడు. కాసేపటికి వాళ్లలో ఒకడు మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "సార్, అర, పావు కలిస్తె ముప్పావు. గని ఇప్పుడు ఏం లేదు."

"అట్లనా? నాకు తెల్వనే తెల్వదు," అని ఆశ్చర్యపోయాడు ఉప్పలయ్య సార్. ఆ ఆశ్చర్యం చూస్తే నాకు ఒళ్లు మండింది. నటనకు కూడా హద్దుండాలి.

తల్లిదండ్రుల దగ్గరా ఇదే పాట. చాందీ అనే పిల్ల తండ్రి పూల్‌సింగ్ ఒకరోజు వచ్చి, "మా పిల్లకు చదువు వస్తదా సార్?" అని అడిగాడు.

"నాకు తెల్వదు పూల్‌సింగ్. వాల్యాను అడుగు."

వాల్యాకు ఆరేళ్లు. ఒకటో తరగతి. ముందు పళ్లు రెండు లేవు. పూల్‌సింగ్ ఆ పిల్లవాడి ముందు గొంతుక్కూర్చుని అదే మాట తమ లంబాడీలో అడిగాడు. వాడు బాగా ఆలోచించి, చూద్దాం అన్నట్టు చెయ్యి ఊపాడు.

నవ్వొచ్చే సంగతే కానీ, నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే చాందీ సంగతి నవ్వులాట కాదు. పదకొండేళ్లు. తల్లిదండ్రులతో ఇటుక బట్టీల వెంట తిరిగి తిరిగి వచ్చిన పిల్ల. పేరు మూడో తరగతిలో ఉంది. ఒకటో తరగతి వాచకం ఆమె ముందు పెడితే మొహం తిప్పుకుంది. "గా పుస్తకం చిన్నపోరలది," అంది. పట్టుబట్టి పక్కన కూర్చోబెట్టుకుంటే గోళ్లు కొరుక్కుంటూ కిటికీలోంచి చూసింది.

నవంబర్‌లో తనిఖీ అన్నారు. చదవడం రాని పెద్ద పిల్లలను పట్నంలో హాస్టల్ బడికి పంపించేస్తామన్నారు. పూల్‌సింగ్ ఖరాఖండిగా చెప్పాడు. "హాస్టల్ వద్దు మేడం. ఇక్కడుంటె చదువుతది. లేకుంటె మాతోని పత్తి ఏరుడుకు వస్తది."

నేను పరుగున ఉప్పలయ్య సార్ దగ్గరికి వెళ్లాను. "మూడు వారాలే ఉంది సార్. మీరైనా ఆ పిల్లకు అక్షరాలు నేర్పండి."

"నాకు రాదు మేడం," అన్నాడు.

ఆ రోజు నేను అన్నం తినలేదు. ఒక పిల్ల బతుకు పత్తిచేనులో కలుస్తుంటే ఈ మనిషి పెన్సిళ్లు చెక్కుతాడా? ఇంటికెళ్లి, 'ఈ ఉపాధ్యాయుడు బోధించుటకు నిరాకరించుచున్నాడు' అని మొదలుపెట్టి రెండు పేజీల ఫిర్యాదు రాశాను. తనిఖీ రోజున దాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే వెళ్లాను.

తనిఖీ అధికారి శ్రీపాల్ సార్ రాగానే, "మూడో తరగతి, లేవండి," అన్నాడు.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అనిత సగం లేచింది. "నేను తెలుగుల మూడు సార్, లెక్కల్ల నాలుగు. లేవాల్నా?"

శ్రీపాల్ సార్ ఉప్పలయ్య సార్ వైపు తిరిగాడు. "ఏందండి గిది? ఎవరు ఏ తరగతి?"

"నాకు తెల్వదు సార్."

నేను బ్యాగు జిప్పు తెరిచాను. శ్రీపాల్ సార్ మొహం ఎర్రబడింది. జాబితా చూసి, "చాందీ ఎవరు? చదువు," అని పుస్తకం చాపాడు. చాందీ లేచింది. పుస్తకం అందుకోలేదు. తల వంచుకుని నిలబడింది. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

అప్పుడు వాల్యా లేచాడు. అధికారి అంటే ఎవరో వాడికి తెలియదు. వాడి బాధ వాడిది. తన చాప కింది నుంచి ఒక పుస్తకం లాగి, చాందీ లంగా పట్టి గుంజాడు.

"చాందీ, నక్క కత నిన్న సగమే చెప్పినవ్. నక్క ఏమైంది?"

"ఆగురా."

"నువ్వు కూసో. నక్క ఏమైందో చెప్పు."

వాడు ఏడుపు మొదలుపెట్టేసరికి చాందీ గత్యంతరం లేక కూర్చుంది. వాణ్ని ఒళ్లో వేసుకుంది. పుస్తకం తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి చదివింది. ఒక వాక్యం తెలుగులో, దాని అర్థం లంబాడీలో, వాడు తల ఊపాక ఇంకో వాక్యం. రెండు పేజీలు అయ్యేసరికి అధికారినీ మరిచింది, మమ్మల్నీ మరిచింది. నక్క బావిలోంచి బయటపడ్డాక వాల్యా ఏడుపు ఆగింది.

నేను వంగి పుస్తకం అట్ట చూశాను. మూడో తరగతి వాచకం.

"ఒకటోది, రెండోది ఎప్పుడో అయిపోయినయ్ మేడం," అంది అనిత. "చాందీ రోజు వాల్యాకు కత చెప్పనీకి చదువుతది. సమజ్ కాకుంటె నన్ను అడుగుతది. నాకు రాకుంటె కృష్ణను అడుగుత."

శ్రీపాల్ సార్ పెన్నును జేబులో పెట్టుకున్నాడు. "ఈ పిల్లను ఈడనే ఉంచుండ్రి," అన్నాడు. "చదువు ఎవరు చెప్పిండ్రు?"

"నాకు తెల్వదు సార్," అన్నాడు ఉప్పలయ్య సార్.

శ్రీపాల్ సార్ నా చేతిలో చాందీ పేరు మీద ఒక ఫారం పెట్టి, నింపి పంపమని చెప్పి వెళ్లిపోయాడు. నేను ఉప్పలయ్య సార్‌ను నిలదీశాను. "అన్నీ వచ్చి ఏమీ రాదని ఎందుకు చెప్తారు?"

"నాకు తెల్వదు మేడం. ఓదెమ్మను అడుగుండ్రి."

ఓదెమ్మ మధ్యాహ్న భోజనం వండుతుంది. గిన్నెలు తోముతూనే చెప్పింది.

"పోయినేడు ఈ పిల్ల కొత్తగ వచ్చినప్పుడు సార్ బోర్డు మీద 'అ' రాయుమన్నడు బిడ్డా. నాకు రాదని నిలవడ్డది. పోరగాళ్లంత పకపక నవ్విండ్రు. పిల్ల పలక ఆడ పెట్టి ఎల్లిపోతాంది. సార్ లేసి, 'నాకు సుత రాదు' అన్నడు. పోరగాళ్ల నవ్వు బందైంది. పిల్ల ఆగింది. గప్పటి సంది గదే మాట. అన్న మాట ఎట్ల మళ్ల తీసుకుంటడు? ఒకనాడు మర్సిపోయి ఎక్కం చెప్పబోయి నాలుక కర్సుకున్నడు. ఇంటికాడ సుత గట్లనే అంటడట. ఆయన భార్య పరేషాన్."

ఇంత సంగతి ఆరు నెలలు నాకు ఒక్క ముక్క చెప్పలేదు. నా కోపం ఇప్పటికీ పోలేదు. నిజంగా మంచివాళ్లు కొంచెం ముందే చెప్పి చస్తే మనం ఫిర్యాదులు రాసి పాపం మూటగట్టుకోం. ఆ ఫిర్యాదు వెనకవైపు వాల్యాకు ఇచ్చాను. వాడు నక్క బొమ్మ వేసుకున్నాడు.

మర్నాడు ఫారం ముందేసుకుని కూర్చున్నాను. ఒక గడి దగ్గర ఆగిపోయాను. 'బోధించిన ఉపాధ్యాయుని పేరు.' ఉప్పలయ్య సార్ వైపు చూశాను. ఆయన అప్పటికే నోరు తెరిచాడు.

"తెలుసు సార్, మీకు రాదు," అన్నాను. చాందీని పిలిచాను. "నీకు చదువు నేర్పిన సార్ ఎవరే?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వాల్యా," అంది.

నేను అదే రాశాను. 'వాల్యా, ఒకటో తరగతి.' ఉప్పలయ్య సార్ చదివి, కింద సంతకం పెట్టాడు. సంతకం మాత్రం ఆయనకు వచ్చు.