డాక్టరమ్మ మూయించమన్న బోరు

మొన్న ఉదయం ఢిల్లీ బేర్ సరాయ్‌లోని మా పాత మెస్ ఆంటీ ఫోన్ చేసింది. "మన డాక్టరమ్మ పోయారమ్మా. నిద్దట్లోనే."

డాక్టరమ్మ రాజమండ్రి మనిషి. ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్ళు డాక్టరు ముఖం చూడని రోజుల్లో టీకాల పెట్టె పట్టుకుని ఎడ్లబండ్ల మీద తిరిగిన తొలితరం వైద్యురాలు. రిటైరయ్యాక సాయంత్రాలు మా సందు చివర గదిలో రోగులను చూసేవారు. సివిల్స్‌కి చదివే మాలాంటివాళ్ళు జ్వరమని వెళితే, నాడి పట్టుకోకముందే "ఎక్కడి నీళ్ళు తాగుతున్నావే?" అని అడిగేవారు. "మందు ఒక్కడికి, మంచినీళ్ళు ఊరందరికీ" అనేవారు.

ఒక వానాకాలం మా సందులో కామెర్లు పాకాయి. నా రూమ్మేట్ మంచం పట్టింది. జబ్బుపడినవాళ్ళంతా ఒకే బోరు నీళ్ళు తాగుతున్నారని ఆవిడ కనిపెట్టారు. పరీక్ష చేయిస్తే మురుగు కలుస్తోందని తేలింది. బోరు యజమానికి ఆ సందులో సగం గదులున్నాయి. మూయనన్నాడు.

"పైన మా వాడున్నాడులే" అన్నారావిడ ధీమాగా. ఆమె ఇంట్లో తిని చదువుకున్న శిష్యుడు, అప్పటికి పెద్ద ఆరోగ్యాధికారి. వచ్చాడు, పరీక్ష ఫలితం చూశాడు. నా ఎదుటే ఆమె కాళ్ళకు దండం పెట్టి, "మీరన్నదే నిజం మేడమ్. రేపు మునిసిపల్ మీటింగులో మూయించేస్తా" అన్నాడు.

మర్నాడు మీటింగులో ఆ శిష్యుడే బోరు యజమాని పక్కన కూర్చున్నాడు. ఆమె వైపు చూడకుండా నవ్వాడు. "పానీ ఠీక్ హై. మేడమ్ కీ ఉమర్ హో గయీ హై." నీళ్ళు బాగానే ఉన్నాయట, మేడమ్‌కే వయసు మీద పడిందట.

తిరిగి వస్తూ ఆటోలో ఆవిడ పరీక్ష కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. "తెలియక అని ఉంటే మళ్ళీ చెప్పేదాన్నే అమ్మాయ్" అన్నారు. "వాడు తెలిసే అన్నాడు."

వానలు తగ్గాక రోడ్డు తవ్వితే బోరు పక్కనే పగిలిన మురుగు గొట్టం బయటపడింది. చప్పుడు చేయకుండా బోరు మూసేశారు. ఆ ఒక్క మాట చెప్పడానికైనా ఆ శిష్యుడు ఆమె గుమ్మం తొక్కలేదు. బయట కారు ఆగితే ఆవిడ తలెత్తి చూడటం నేనెరుగుదును.

నిన్న శ్మశానానికి మాత్రం వచ్చాడు. "ఆమె నాకు అమ్మ" అని నలుగురికీ వినబడేలా ఏడ్చాడు. వినలేక పక్కకు వెళ్ళిపోయాను. ఆ మీటింగు మర్నాటి ఉదయమే నా కళ్ళముందుంది. వానలో, బోరు కొళాయి పక్కన, గొడుగు వేసుకుని స్టూలు మీద డాక్టరమ్మ. యజమాని అరుస్తున్నాడు. ఆవిడ అటు చూడటం లేదు. బకెట్‌తో వచ్చిన ప్రతి ఒక్కరికీ, "ఉబాల్ కే పీనా, బేటా... కాచుకుని తాగండమ్మా" అని రెండు భాషల్లోనూ చెబుతూనే ఉన్నారు.