మైకు నొక్కిన నేను లెక్కలో లేను

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు సిరి రాస్తోంది. జగ్గయ్యపేటలో మా ఇంటికి ఇన్సులిన్ నందిగామ కొట్టు నుంచి వస్తుంది. మందుల యాప్‌లో మైకు బొమ్మ నొక్కి నోటితో చెబితే చాలు. సిరి ఉద్యోగం కూడా ఆ యాప్ కంపెనీలోనే. ఎవరు ఏ బొమ్మ నొక్కారో లెక్కలు చూస్తుంది. ఈమధ్యే యాప్ రూపమంతా మార్చారు.

ఈ మధ్యాహ్నం సిరి మొహం వేలాడేసుకుని వచ్చింది.

“అమ్మమ్మా, కొత్త యాప్‌లో మైకు ఎవరూ వాడట్లేదంట. తీసేస్తామంటున్నారు.”

“నిన్ననేగా నొక్కి మందు తెప్పించుకున్నా! నేనేమన్నా దెయ్యాన్నా?”

అది ఉలిక్కిపడి వెతికింది. రూపం మార్చినప్పుడు కొత్త మైకుకి లెక్క తగిలించడమే మరిచారట, అందుకే ఎవరు నొక్కినా సున్నా అనే చూపించింది. సిరి వాళ్ళ మేనేజరుకి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పి సరిచేయిస్తుంటే, ఫోన్ లాక్కుని ఆయన్ని నిలదీశాను.

“ఇప్పుడు సరిచేశామండి. రేపటిదాకా చూస్తాం. వాడేది మీరొక్కరే అయితే మాత్రం మైకు ఉంచడం కష్టమండి.”

అక్షరం రానిదాన్ని, మైకు పోతే మందెలా అడగను? మీ ఇంట్లో నాలాగా మైకుతోనే అడిగేవాళ్ళు ఉన్నారా? ఉంటే ఈ రాత్రే నొక్కమనండి. రేపు ఆ లెక్కలో నేనొక్కదాన్నే కనబడతానేమోనని భయంగా ఉంది.