అక్క జుట్టు, అమ్మ చెయ్యి

మా అక్కది లాండ్రీ షాపు. వీధి మలుపు తిరగగానే షాపు బోర్డు కన్నా ముందు కౌంటరు వెనక ఆవిడ తల కనిపిస్తుంది. అంత జుట్టు. ఉంగరాలు ఉంగరాలుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని, ఎవరి మాటా వినని జుట్టు. బడిలో తోటిపిల్లలు తగిలించిన ‘ఉంగరాలు’ అనే పేరు యాభై దాటాక కూడా ఆవిణ్ణి వదల్లేదు. కోటు ఉంగరాల షాపులో ఇచ్చానని ఎవరైనా అంటే, బంగారం కొట్టులో కోటు ఎందుకిచ్చారని అడిగేవాళ్లు వీధికి కొత్తన్నమాట.

పనిలో ఉన్నప్పుడు చూడాలి ఆవిణ్ణి. చొక్కాను వెలుతురుకెత్తి పట్టుకుని మరకతో మాట్లాడుతుంది. ఎక్కడినుంచి దాపురించావు, నీ సంగతి చూస్తానుండు అని బెదిరిస్తుంది. జేబులో పెన్ను మరిచిపోయి బట్టలిచ్చినవాళ్లు ఎంత పెద్ద ఉద్యోగస్తులైనా నిలబడి చీవాట్లు తినాల్సిందే. ఒక్కటే చిక్కు, ఆవిడకు మోతాదు తెలీదు. దేనికైనా ఒక చెంచా చాలంటే రెండు వేస్తుంది. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి నామీద కప్పి, ఊపిరాడక నేను గింజుకుంటుంటే జ్వరం దిగుతోందని సంబరపడింది. ఆవిడ ప్రేమ ఎప్పుడూ అంతే. తట్టుకునే ఓపిక మనకుండాలి.

షాపు వెనక రెండు గదులు. అక్క, అమ్మ అక్కడే ఉంటారు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లతో అక్క తీరిక దొరకలేదంటుంది. నేను మా ఆయనతో రెండు వీధుల అవతల ఉంటాను. రోజూ ఆఫీసు నుంచి వస్తూ అమ్మ దగ్గర కాసేపు కూర్చుని వెళతాను. అమ్మకు కళ్లు పూర్తిగా పోయాయి. ఈమధ్య జ్ఞాపకం కూడా ఉదయం ఉన్నట్టు సాయంత్రం ఉండటం లేదు. ఇక మా ఇద్దరి గొంతులా, అచ్చం ఒకటే. ఒకసారి మా ఆయన ఫోనులో అక్కను నేననుకుని పోట్లాట మొదలుపెట్టి, ఆసాంతం ముగించాడు. అక్క కూడా మధ్యలో ఆపలేదు, నా తరఫున గెలిచాకే పెట్టేసింది.

అందుకని అమ్మ గొంతును నమ్మదు, చేతిని నమ్ముతుంది. పక్కన ఎవరు కూర్చున్నా తల మీద చెయ్యి వేస్తుంది. వేళ్లు జారిపోతే నేను, చిక్కుకుంటే అక్క. చిన్నప్పుడు అక్క తలలో ఏ దువ్వెనా దిగక, తడి జుట్టును అమ్మ వేళ్లతోనే పాయలు తీసేది. ఆ వేళ్లకు తెలిసినంతగా అక్క తల అక్కకే తెలీదు.

గొడవంతా ఇస్త్రీ ఆవిరితో మొదలైంది. పొద్దుటినుంచీ ఆ ఆవిరిలో నిలబడేసరికి సాయంత్రానికి అక్క జుట్టు పీచులా రేగిపోయేది. ఎవరో చెప్పారని ఓ క్రీము కొంది. నాలుగు రోజులు బాగానే ఉంది. బాగుందని రెండింతలు రాసింది. పైన ఓ జెల్లు, దానిపైన మెరుపు కోసం సీరం. కొన్నాళ్లకు ఉంగరాలు నీరసంగా వేలాడటం మొదలైంది. క్రీము చాలడం లేదనుకుని ఇంకా పట్టించింది. చివరికి జుట్టు సాగి, జిడ్డుదేరి, నా జుట్టులాగే చప్పగా తలకంటుకుపోయింది. పూయడం మానెయ్యవే మహాతల్లీ అని మొత్తుకున్నాను. నీకు ఉంగరాల జుట్టు గురించి ఏం తెలుసని నా నోరు మూయించింది.

ఒకరోజు అక్క తినిపిస్తుంటే అమ్మ ఆవిడ తల తడిమి, పెద్దదేదే అని అడిగింది. అక్క నవ్వి, నేనేనమ్మా అంది. అమ్మ మళ్లీ తడిమింది. ఆటపట్టించకే చిన్నదానా అని విసుక్కుంది. ఆ పూట మేమిద్దరం పడీపడీ నవ్వుకున్నాం. కానీ మర్నాడూ అదే మాట, ఆ తర్వాత కూడా అదే. ఇద్దరం కలిసి చెరోపక్కన కూర్చుని నమ్మించి చూశాం. నమ్మింది. సాయంత్రానికి మళ్లీ మొదటికొచ్చింది. అమ్మ లెక్కలో ఇప్పుడు తన దగ్గరున్నది చిన్నది, కంటికి కాదు కదా చేతికి కూడా చిక్కకుండా తిరుగుతున్నది పెద్దది.

ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి అక్క ఎవరిదో ప్యాంటు మడత మీద ఇస్త్రీపెట్టెను తిప్పిన చోటే తిప్పుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

“పెద్దదానికి నామీద విసుగు పుట్టిందేమోనే అంది అమ్మ, నాతోనే. షాపు చూసుకుంటూ నన్ను చూడాలంటే ఎవరికైనా విసుగేలే, పాపం దాన్నేమీ అనకు అంది.”

నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మీదా, క్రీముల మీదా, మాట వినని అక్క మీదా, ఎవరి మీదో తెలీకుండా మండింది. రాత్రనక పగలనక కనిపెట్టుకుని ఉన్న మనిషికి దక్కిన మాట అది. అక్క ఏడవలేదు. రేపు నాతో పార్లరుకు రా అని మాత్రం అంది.

పార్లరు మా ఇంటి వీధిలోనే. దాన్ని నడిపే అమ్మాయి తువ్వాళ్లన్నీ అక్క దగ్గరే ఉతికిస్తుంది. అక్క వెళ్లి కుర్చీలో దర్జాగా కూర్చుని, జుట్టంతా ఉంగరాలు తిప్పించాలి, ఎంత సేపు పడుతుందని అడిగింది. పుట్టుకతో ఉంగరాల జుట్టున్న మనిషి ఉంగరాలు పెట్టించుకోవడానికి రావడం ఆ అమ్మాయి ఎప్పుడూ చూసి ఉండదు. మీ అక్కకు ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

ఆ అమ్మాయి నీళ్ల స్ప్రే తెచ్చి అక్క తల మీద కొట్టింది. నీళ్లు జుట్టులోకి ఇంకలేదు. బొట్లుబొట్లుగా నిలిచి మెడ మీదకి జారిపోయాయి. ఒక పాయను వేళ్ల మధ్య రాసి చూసుకుని, ఏమేం పూస్తున్నారో చెప్పమంది. అక్క చెప్పుకుంటూ పోయింది. పార్లరమ్మాయి కళ్లు పెద్దవవుతూ వచ్చాయి.

“మీ ఉంగరాలు ఎక్కడికీ పోలేదక్కా. పూసినవన్నీ పేరుకుపోయి ఆ బరువుకి సాగిపోయాయి అంతే. ఇప్పుడు దీనిమీద ఉంగరాలు తిప్పే మందు కూడా పెడితే రాలిన జుట్టును చీపురు పట్టుకుని ఊడ్చుకోవాలి నేను.”

కావలసింది క్లారిఫైయింగ్ షాంపూ అని వివరంగా చెప్పింది. మామూలు షాంపూకి లొంగని, పేరుకున్న జిడ్డునంతా అది వదలగొడుతుందట. బోరునీళ్ల ఉప్పు జుట్టుకు పట్టి ఉంటే అదీ పోతుందట. కాకపోతే ఉన్న కాస్త చమురునూ లాగేస్తుంది కాబట్టి ఉంగరాల జుట్టుకు ఎప్పుడోగానీ వాడకూడదు, నెలకోసారే ఎక్కువ. వాడిన వెంటనే కండిషనరు దండిగా పట్టించాలి. తువ్వాలుతో రుద్దకుండా మెత్తటి నూలు బట్టతో ఒత్తుకోవాలి. రెండుసార్లు రుద్దితే ఇంకా తొందరగా వదులుతుందేమోనని అక్క అడగనే అడిగింది. మీరు చేస్తారనే చెబుతున్నాను, ఒక్కసారే అని పార్లరమ్మాయి నా చేతికిచ్చింది సీసా, అక్క చేతికి కాదు.

దారంతా అక్క తన పాయనొకదాన్ని వేళ్ల మధ్య రాసి చూసుకుంటూ నడిచింది. షాపు దగ్గరకొచ్చాక, “గంజి మీద గంజి పెట్టానన్నమాట. షాపులో ఎవరైనా ఆ పని చేస్తే చెయ్యి విరగ్గొడతాను” అంది. నిజమే, విరగ్గొడుతుంది.

ఆదివారం షట్టరు దించి పనిలోకి దిగాం. బోరునీళ్లు వద్దని, ఇస్త్రీ బాయిలరులో పోయడానికి కొని ఉంచిన మంచినీళ్లు కాచాను. ఇన్నేళ్లుగా ఇస్త్రీపెట్టెకు మంచినీళ్లు, తన తలకు ఉప్పునీళ్లు వాడుకున్న మనిషి మా అక్క. షాంపూ చేతిలో పోసుకుని నేనే కుదుళ్లలో వేళ్లు పెట్టి రుద్దాను. మొదట నురుగే రాలేదు. మెల్లమెల్లగా వేళ్ల కింద జారుడు తగ్గి, నురుగు లేచింది. నీళ్లు పోస్తే జుట్టు కిరకిరమంది. అది విని అక్క కంగారుపడింది, ఎండిపోయిందేమో అంది. కండిషనరు పట్టించి, వేళ్లతో పాయలు తీసి, కడిగి, నూలు బట్టతో ఒత్తాను. ఇంకేమీ పూసుకోకూడదా అని ఆశగా అడిగింది. చేతులు కట్టుకుని కూర్చోమన్నాను.

ఆరుతున్న కొద్దీ చెవి దగ్గర ఒకటి ముడుచుకుంది. తర్వాత నుదుటి మీద. కాసేపటికి తలంతా తన ఇష్టానికి తను లేచింది. అద్దంలో చూసుకుని అక్క నవ్వలేదు. అమ్మ గదిలోకీ వెళ్లలేదు. మడతపెట్టిన తువ్వాళ్లు విప్పి మళ్లీ మడతపెట్టసాగింది. అమ్మ చెయ్యి వేసి, ఇప్పుడు కూడా చిన్నదానా అంటే? ఇక దేనిమీద తప్పు నెట్టాలి? ఆ భయం నాకూ ఉంది. తువ్వాలు లాక్కుని, నెట్టుకుంటూ గుమ్మం దాకా తీసుకెళ్లాను.

అక్క మంచం పక్కన నేల మీద కూర్చుంది. అమ్మ చెయ్యి అలవాటుగా గాలిలో వెతుక్కుని తల మీద వాలింది. వేళ్లు లోపలికి వెళ్లి చిక్కుకున్నాయి. అలాగే ఆగిపోయాయి.

“ఇప్పటికి తీరిందా నీకు?” అంది అమ్మ.

అక్క తల ఊపింది. అమ్మ ఒక్కో పాయా తీస్తూ, పక్కగదికి వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

“చిన్నది నన్ను బాగా చూసుకుందే. వేళకి తినిపించింది, మందులిచ్చింది. కానీ దానికేదో దిగులుంది. తినిపిస్తూ తినిపిస్తూ ఏడ్చేది. చప్పుడు రాకుండా ఏడిస్తే నాకు తెలీదనుకుంది. మొగుడితో గొడవేమో. నువ్వు పెద్దదానివి, దాన్ని కాస్త కనిపెట్టుకుని ఉండు.”

నేను గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడిపోయాను. అమ్మకు తినిపిస్తూ నేనెప్పుడూ ఏడవలేదు. అక్క మీద నాకు ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను. అక్క నావైపు తిరగలేదు, అమ్మ చేతి కింద నుంచి తల తియ్యలేదు.

“నేను కనిపెట్టానని దానికి చెప్పకు, బాధపడుతుంది” అంది అమ్మ.

“చెప్పనమ్మా” అంది అక్క.